పేజీలో లేని మాట

మా అమ్మ రోజూ మధ్యాహ్నం ఒంటిగంటకి ఏడుస్తుంది. శని, ఆదివారాలు సెలవు.

నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఇదే వరస. టీవీలో ఆ వేళకి వచ్చే సీరియల్లోకి అమ్మ కొత్త కోడలిగా అడుగుపెట్టింది. ఆడపడుచుల చేత మాటలు పడింది, తెలియని కాగితాల మీద సంతకాలు పెట్టింది, రెండుసార్లు మతి పోగొట్టుకుని మళ్ళీ తెచ్చుకుంది, చివరికి అత్తగారై హాలు మధ్యలో పెద్ద కుర్చీ ఎక్కింది. మొదట్లో అమ్మని రాచిరంపాన పెట్టిన అత్తగారి వేషం ఆవిడ నిజంగానే కాలం చేస్తే, ఆవిడ కుర్చీలో కూర్చోవడానికి అమ్మకి చాలా రోజులు మనసొప్పలేదట. నేను కడుపులో ఉన్నప్పుడూ పని మానలేదు. పొట్ట కనపడకుండా ఒకరోజు కూరగాయల బుట్ట, ఒకరోజు మడతపెట్టిన దుప్పట్లు, నెలలు నిండాక ఏకంగా తలుపు రెక్క అడ్డం పెట్టి నెట్టుకొచ్చారు. "నాకంటే నువ్వే సీనియరువి, పుట్టకముందే బుట్ట వెనకాల నటించావు" అని నన్ను ఏడిపించేది.

జనం నవ్వుకునే సీరియలే అది. నేనూ నవ్వాను. ఇప్పుడు మాత్రం ఎవరైనా దాన్ని వెక్కిరిస్తే నాకు చురుక్కుమంటుంది. ఆ సీరియలుకీ, దాన్ని రాసినాయనకీ, ఆ పెద్ద కుర్చీకీ నేను పడ్డ రుణం ఇంతా అంతా కాదు. అదంతా ఒక్క వానాకాలంలో పడ్డదే. ఆ వానాకాలం మా అమ్మ ఒక్కరోజు కూడా ఏడవలేదు.

కంటిలో పొర ఊడిందన్నారు. ఆపరేషను చేశారు. నేను వేరే ఊళ్ళో బస్టాండులో ఉద్యోగం చేస్తున్నాను అప్పటికి, మైకులో బస్సులు పిలిచే పని. సెలవు పెట్టి వచ్చాను. డాక్టరు మర్నాడు కట్టు విప్పి జాగ్రత్తలు చెప్పాడు. వంగకూడదు, బరువులెత్తకూడదు, చదవకూడదు, ఫోను చూడకూడదు. ఒక కన్ను చదువుతుంటే రెండోది ఊరుకోదు కాబట్టి బాగున్న కన్నుతో కూడా వద్దు. అన్నిటికీ తలూపింది అమ్మ. ఏడవకూడదు అన్నాక మాత్రం ఊపడం ఆపేసింది.

"అదెలా కుదురుతుందండీ? నా ఉద్యోగమే అది," అంది.

డాక్టరు నవ్వాడు. ఆయన తల్లికి అమ్మ తెలుసట, ఆవిడ ఒంటిగంటకి ఫోనెత్తదట. కుర్చీలో కూర్చుని మాట్లాడేదైతే రోజుకి కొంచెంసేపు పనికి వెళ్ళొచ్చనీ, నల్లకళ్ళద్దాలు మాత్రం తియ్యకూడదనీ అన్నాడు.

నల్లకళ్ళద్దాల మాట వినగానే సీరియలు రాసే ఆయనకి పండగైపోయింది. వారం తిరక్కుండా కథలో అమ్మ మెట్ల మీంచి జారిపడింది, చూపు పోయింది. ఏడుపు లేకపోవడానికీ దారి కనిపెట్టాడు. కన్నీళ్ళు ఇంకిపోయిన తల్లట. మనిషి బక్కపలచగా, ఎప్పుడూ జలుబు చేసినట్టు ఉండేవాడు గానీ, పక్కవాడి కష్టంలోంచి పది ఎపిసోడ్లు పిండగల ఘనుడు. దండం పెట్టాలి ఆయనకి. ఇంకొకరైతే ఆ కుర్చీలో వేరే ఆవిణ్ణి కూర్చోబెట్టి, మర్నాటికి మర్చిపోయేవారు.

అసలు చిక్కు పేజీల దగ్గర వచ్చింది. మర్నాడు చెప్పాల్సిన మాటలు ముందురోజు సాయంత్రానికి గానీ తయారు కావు. కంపెనీ కారు డ్రైవరు ఆ కాగితాలు తెచ్చి గుమ్మంలో ఇచ్చి వెళ్ళేవాడు. ఇంట్లో వాటిని పేజీలనేవాళ్ళం. ఈ రోజుల్లో చాలామంది వాటిని తెరిచి కూడా చూడరు. కెమెరా పక్కన ప్రాంప్టరు నిలబడి ఒక్కో మాటా అందిస్తాడు, వీళ్ళు అది విని పలికేస్తారు. అమ్మకి అది గిట్టదు. అందించిన మాట అరువు చీర లాంటిది, కట్టుకున్నా ఒంటికి అంటదు అంటుంది. ఎన్నో ఏళ్ళుగా ఏ రోజు పేజీలు ఆ రోజు సాయంత్రం బట్టీపట్టి, రాసినవాడి మాటకి ఒక్క అక్షరం అటూ ఇటూ కాకుండా అప్పజెప్పడమే ఆవిడ గొప్ప. ఆ గొప్ప గురించి ఇంట్లో మేమూ, స్టూడియోలో వాళ్ళూ విసుగొచ్చేదాకా విన్నాం.

ఇప్పుడు చదవకూడదు. ఎవరో చదివి వినిపించాలి. ఇంట్లో ఉన్నది ఇద్దరం, నేనూ నాన్నా. మా ఇద్దరికీ మాటలు లేవు.

ఎందుకు లేవో చెప్పాలి. ఆ సీరియల్లో అమ్మ కూతురిగా ఒక కొత్త వేషం పెట్టారు. నేను అప్పుడే చదువు ముగించి ఇంట్లో ఉన్నాను. మీ అమ్మాయినే చూద్దామన్నాడు డైరెక్టరు. వెళ్ళాను, కెమెరా ముందు నిలబెట్టారు, చెప్పమన్నది చెప్పాను. బాగా చేశానని నాకు తెలుసు. కొన్ని మనకి తెలుస్తాయి. రెండు రోజులకి డైరెక్టరు స్వయంగా మా ఇంటికి వచ్చి, మీ అమ్మాయి సరిగ్గా సరిపోయిందండీ అన్నాడు. అమ్మ అప్పుడే వచ్చి లోపల మేకప్ కడుక్కుంటోంది. నాన్న ఆయనకి మంచినీళ్ళ గ్లాసు ఇస్తూ, "దానికి నటన రాదండీ. మొహంలో ఏదీ పలకదు. మీరు ఇంకెవరినైనా చూసుకోండి," అన్నాడు.

నేను అక్కడే ఉన్నాను. గుమ్మం పక్కనే. అమ్మ మొహం తుడుచుకుంటూ బయటికి వచ్చేసరికి డైరెక్టరు చెప్పులేసుకుంటున్నాడు.

ఆ వేషం ఇంకో అమ్మాయికి వెళ్ళింది. నేను దొరికిన ఉద్యోగం పట్టుకుని ఊరు వదిలాను. నాన్నతో మాట్లాడటం మానేశాను. ఆయనా బతిమాలలేదు. మనిషి మొండిఘటం. నేను ఆయన కూతుర్ని. పండక్కో పబ్బానికో వచ్చినా అమ్మ మధ్యలో ఉండి బంతి అందించినట్టు మాటలు అందించేది. నాన్నని కూర చల్లారకముందే తినమను, అని నేను. దాన్ని గొడుగు తీసుకెళ్ళమను, అని ఆయన. ముగ్గురం ఒకే గదిలో ఉన్నా ఇలాగే నడిచేది, ఉప్పూ నిప్పూ మధ్య ఆవిడ పళ్ళెం పట్టుకుని తిరిగినట్టు.

మాకు లేనిది ప్రేమ కాదు. అది నాకు ఎప్పుడూ తెలుసు. నాన్న సిటీ బస్సు నడిపేవాడు. చీకటి వదలకముందే మొదటి బస్సు తీసేవాడు, మధ్యాహ్నానికి దిగేవాడు. అమ్మ షూటింగులో ఉంటే వంటా వార్పూ ఆయనదే. నేను బడి నుంచి భోజనానికి వచ్చేసరికి ఇద్దరి కంచాలూ టీవీ ముందు సర్దేవాడు. టీవీలో అమ్మ ఏడుస్తుంటే మేమిద్దరం తింటూ, ఇవాళ ఎందుకేడుస్తోంది అని పందెం వేసుకునేవాళ్ళం. అంత చనువున్న మనిషి ఆ ఒక్క మాటా ఎందుకన్నాడో అర్థం కాకే నాకు అంత మంట.

మొదటి సాయంత్రం అమ్మే పంచింది. కళ్ళద్దాలతో పడక్కుర్చీలో ఆనుకుని కూర్చుని, తన మాటలు నాన్న చదవాలి, మిగతా అందరివీ నేను చదవాలి అంది. ఆయన చదివిన ప్రతి ముక్కా తను తిరిగి అంటుంది, నోటికి వచ్చాక ముందుకు వెళ్తాం. ఒక్కటే నియమం. పేజీలో లేని మాట ఆ గదిలో ఎవరూ మాట్లాడకూడదు.

"మీరిద్దరూ ఎలాగూ మాట్లాడుకోరు కాబట్టి మీకేం ఇబ్బంది లేదు," అంది. ఆ వెక్కిరింత ఇద్దరికీ తగిలింది.

నాన్న చదవడం ఎలా ఉండేదంటే, బస్సు నడిపినన్నాళ్ళూ ఏ బోర్డూ వదలకుండా చదివిన అలవాటు కదా, మాటల మధ్య బ్రాకెట్లలో ఉన్నవి కూడా వదిలేవాడు కాదు. "నా బిడ్డని ముట్టుకుంటే ఊరుకోను, కోపంగా రెండడుగులు ముందుకు వేసి, కిటికీ వైపు తిరిగి" అని ఒక్క గుక్కలో చదివేవాడు. అమ్మ అదంతా తిరిగి అప్పజెప్పి, తర్వాత ఉలిక్కిపడేది. నా సంగతి ఇంకా అన్యాయం. ఎంత గుండెలు బాదుకునే డైలాగైనా నా నోట్లోంచి మైకు గొంతే వచ్చేది.

"నువ్వు మొగుడు పోయాడని చెప్తున్నావా, మూడో ప్లాట్‌ఫారం మీదకి బస్సు వచ్చిందని చెప్తున్నావా?" అంది అమ్మ. నాన్న కాగితం మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. కాగితం ఊగుతోంది. నవ్వుతున్నాడని నాకు తెలిసింది గానీ నేను చూడనట్టు ఊరుకున్నాను.

అలా మొదలైంది. బయట వాన కురుస్తుంటే లోపల మేం ముగ్గురం సాయంత్రాలు ఆ దిక్కుమాలిన కుటుంబాన్ని నెత్తినేసుకుని కూర్చునేవాళ్ళం. ఇన్నేళ్ళూ నాన్న నన్ను పేరు పెట్టి పిలవలేదు, ఇప్పుడు రోజూ నా మొహం మీదే "తల్లీ", "పాపిష్ఠిదానా", "ఈ ఇంటి దీపానివి నువ్వే" అని మార్చి మార్చి చదవాల్సి వచ్చింది. ఒకరోజు ఆయన వంతుకి "నీ మొహం చూడటం కూడా నాకిష్టం లేదు" అన్న ముక్క వచ్చింది. చదవబోయి గొంతు సవరించుకున్నాడు. నీళ్ళు తాగాడు. ఆ ముక్కని పక్కింటాయనకి చెప్తున్నట్టు గబగబా గోడ వైపు చదివేశాడు. ఇంకోరోజు నాకు దుర్మార్గుడైన మరిది వేషం వచ్చింది. వాడి తిట్లు నాన్న వైపు చూస్తూ కసిదీరా చదివాను. అమ్మ నియమం తనే తప్పి, "ఇవాళ మరిది అద్భుతం," అంది.

తిట్టుకునీ, కాళ్ళ మీద పడీ, శపించుకునీ మేం ఒకరి గొంతుకి ఒకరం మళ్ళీ అలవాటు పడ్డాం. పేజీలు పక్కన పెట్టగానే మాత్రం నోళ్ళు మూతపడేవి. నాన్న కళ్ళజోడు మడిచి వంటింట్లోకి పోయేవాడు. నా సెలవు సగం అయిపోయింది. ఈ మిగిలిన సగమూ పోతే పాత కథే అని నాకు రోజురోజుకీ దిగులుగా ఉండేది. నేను మొదట మాట్లాడితే పోయేదేముంది అనుకునేదాన్ని. ఆ ఒక్క మాట గుర్తొచ్చేది, మళ్ళీ బిగుసుకునేదాన్ని.

ఆ సాయంత్రం వచ్చిన పేజీల్లో తల్లీ కూతుళ్ళ సీను ఉంది. కథలో అమ్మ కూతురు పాటలు పాడుతుంది. ఎప్పుడో పాటల పోటీకి పెద్ద ఊరు వెళ్తానంటే తల్లి వెళ్ళనివ్వలేదు. ఇప్పుడు తల్లికి చూపు పోయి, మనసు మెత్తబడ్డాక, ఆ సంగతి నిలదీస్తుంది. కూతురి మాటలు నావి. తల్లి మాటలు ఎప్పట్లానే నాన్న చదవాలి.

సగం దాకా బాగానే నడిచింది. తర్వాత నా వంతు వచ్చింది.

"ఆ రోజు నన్నెందుకు ఆపావు? నాకు రాదనే కదా?" అని చదివాను.

చదివాక ఆ మాట నాకే వినపడింది. తలెత్తలేదు. కాగితం మీద కింద ఏముందో నా కళ్ళ ముందే ఉంది. మన ఇంటి పరువు గడప లోపలే ఉంటుంది తల్లీ, గడప దాటిన గొంతు గాలిపాలు, అంటూ ఆ జలుబు మనిషి అరపేజీ రాశాడు. నాన్న అది చదవాలి. చదవలేదు. నేను ఆయన కళ్ళజోడు వైపు చూశాను. కళ్ళజోడు ఒళ్ళో ఉంది.

"నీకు రాదని కాదమ్మా," అన్నాడు. "నాకు ఒంటరిగా భోంచేయడం రాదు. అంతే."

బస్సు బోర్డు గొంతు కాదది. అమ్మ కుర్చీలో వెనక్కి ఆనుకుని ఉంది, నల్లద్దాలు పైకప్పు వైపు. ఎప్పట్లానే, తొందరేమీ లేకుండా, ఆయన అన్నది అన్నట్టు తిరిగి అంది. నీకు రాదని కాదమ్మా. నాకు ఒంటరిగా భోంచేయడం రాదు. అంతే. నోటికి రావడానికి ఇంకోసారి అంది. మూడోసారి అంది.

"తర్వాత?" అంది.

నాన్న కళ్ళజోడు పెట్టుకున్నాడు. పరువూ గడపా దాటేసి, తర్వాతి నా మాట ఎక్కడుందో వేలితో చూపించాడు. నా కళ్ళకి అక్షరాలు అలుక్కుపోయాయి. ఎలాగో చదివాను.

"నువ్వెందుకు ఏడుస్తావు, ఆ ఏడుపు రేపు ఆ అమ్మాయి ఏడుస్తుంది," అంది అమ్మ. "చదువు."

చదివాను. చివరిదాకా చదివాం. కాగితాలు బల్ల మీద పెట్టి నాన్న లేచి, అన్నం వండటానికి వెళ్ళాడు.

పొద్దున కారు వచ్చేసరికి జోరున వాన. నాన్న గొడుగు పట్టుకుని అమ్మని కారు దాకా నడిపించాడు. ఎక్కాక కూడా తలుపు వదల్లేదు.

"ఏమోయ్, అక్కడ ప్రాంప్టరు చేత ఓసారి పేజీలు చదివించుకో," అన్నాడు.

ఇన్నేళ్ళలో ఎప్పుడైనా చదివించుకున్నానా అంది అమ్మ. కళ్ళు బాగాలేవు కదా అని నసిగాడు. చెవులు బాగానే ఉన్నాయిగా అంది. ఆయన కారులో అమ్మ పక్కన కూర్చున్న నా వైపు చూశాడు. నువ్వైనా చెప్పు అన్నట్టుంది ఆ చూపు. నేను అద్దం పైకి ఎత్తేశాను.

స్టూడియో అంటే పెద్ద రేకుల షెడ్డు. వాన పడితే మాటలు రికార్డు చెయ్యడం కుదరదు, వెలిసేదాకా అందరూ టీ తాగుతూ కూర్చోవాల్సిందే. హాలు సెట్టులో పెద్ద కుర్చీ పక్కన స్టూలు వేసుకుని నేను కూర్చున్నాను. పేజీలు నా సంచీలోనే ఉన్నాయి. అమ్మా, ఆ ఒక్కటీ నాన్న సొంతంగా అన్నది, అసలు మాట ఇదీ అని చదివి వినిపిస్తే అయిపోయేది. అరపేజీ ఆవిడకొక లెక్క కాదు, వాన వెలిసేలోపు పట్టేసేది. చెప్పకపోతే ఏమవుతుందో తెలుసు. అక్షరం తప్పని మనిషని పేరున్న అమ్మ అంతమంది ముందూ తప్పుతుంది. కళ్ళు పోయాయి, ఇప్పుడు మతి కూడా పోతోందా అనుకుంటారు. కుర్చీ ఖాళీ చేయించడానికి అంతకంటే సాకు అక్కర్లేదు.

చెబుదామనే అనుకున్నాను. నోరు తెరిచాను కూడా. చెబితే ఆ మాట లేకుండా పోతుంది. ఇన్నేళ్ళకి ఒక్కసారి బయటపడింది, నేను విన్నానని నాన్నకి తెలుసు, ఆయన అన్నాడని నాకు తెలుసు, రేపట్నుంచి ఎవరూ అననట్టే ఉంటాం. దాన్ని నా చేత్తో కొట్టెయ్యడం నావల్ల కాలేదు. రేకుల మీద చప్పుడు తగ్గింది. అందరూ లేచారు. నేను స్టూలు తీసుకుని పక్కకి జరిగాను.

కూతురు వేషం వేసే అమ్మాయి వచ్చి అమ్మ కాళ్ళ దగ్గర కూర్చుంది. మంచిపిల్ల. చాలాకాలం ఆ పిల్లని కారణం లేకుండా తిట్టుకున్నాను, ఆ వానాకాలంలో మానేశాను. తన ముక్క బాగా చెప్పింది. నాకు రాదనే కదా, అంటున్నప్పుడు గొంతు సన్నగా వణికింది.

అమ్మ గాలిలోకి చెయ్యి చాపి ఆ పిల్ల తల ఎక్కడుందో వెతుక్కుంది.

"నీకు రాదని కాదమ్మా," అంది. "నాకు ఒంటరిగా భోంచేయడం రాదు. అంతే."

ఆ అమ్మాయి పరువూ గడపా కోసం కాచుకుని ఉంది. అవి రాలేదు. తన తర్వాతి మాట ఏమిటో మరిచిపోయింది పాపం, నోరు తెరుచుకుని అమ్మ మొహంలోకి చూస్తూ ఉండిపోయింది, తర్వాత ఆ ఒళ్ళో తల పెట్టుకుని ఏడ్చేసింది. ప్రాంప్టరు పేజీలు ముందుకీ వెనక్కీ తిప్పుతున్నాడు. డైరెక్టరు చెయ్యెత్తినవాడు అలాగే పట్టుకున్నాడు, ఆపమనలేదు. కాసేపటికి దించాడు.

చివరికి ఆయనే దగ్గరికొచ్చి వంగి, అమ్మగారూ, ఆ మాట పేజీలో లేదండీ అన్నాడు.

"లేదా?" అంది అమ్మ. "మా ఇంట్లో పేజీలో ఉందే."

డైరెక్టరు రాసినాయన కోసం చూశాడు. ఆయన ఓ మూల నిలబడి ముక్కు తుడుచుకుంటున్నాడు. అందరూ తన వైపే చూస్తుంటే రెండు క్షణాలు ఆలోచించాడు. "ఉంది, ఉంది," అన్నాడు. "చివర్లో మార్చి పంపాను. వీళ్ళకి అందలేదేమో." ఆయన ఎంత మంచివాడో నాకు ఆ రోజు తెలిసింది. గొప్ప మాట తన ఖాతాలో వేసుకోవడానికి అన్నాడంటారు కొందరు. అననీ. అమ్మ పరువు నిలబడింది, అది చాలు నాకు.

ఇంటికి వచ్చాక నాన్న ఏమీ అడగలేదు. మేమూ చెప్పలేదు. ప్రాంప్టరు సరిదిద్దే ఉంటాడని ఆయన ధైర్యం. సాయంత్రం కొత్త పేజీలు వచ్చాయి, మళ్ళీ చదివాం. ఆయన బ్రాకెట్లు ఒక్కటి కూడా వదలకుండా, కాగితం మీదనుంచి చూపు తిప్పకుండా చదివాడు.

తీసింది టీవీలోకి రావడానికి రెండు మూడు వారాలు పడుతుంది. అప్పటికి వానలు తగ్గుముఖం పట్టాయి. డాక్టరు అమ్మకి చదువుకోవచ్చన్నాడు, మెల్లిగా ఏడవడం కూడా మొదలుపెట్టొచ్చన్నాడు. నా పెట్టె సర్దుకోవడం అయింది. మర్నాడు పొద్దున బస్సు. అమ్మ షూటింగుకి వెళ్ళింది. మధ్యాహ్నం నాన్న రెండు కంచాలు టీవీ ముందు పెట్టి, ఎవరికీ చెప్పనట్టు, "పెట్టేశాను," అని తన కుర్చీలో కూర్చున్నాడు. నేను వెళ్ళి నా కుర్చీలో కూర్చున్నాను.

సీరియలు మొదలైంది. హాలు, పెద్ద కుర్చీ, కాళ్ళ దగ్గర ఆ అమ్మాయి. ఏ సీనో నాకు తెలిసింది. నాన్నకీ తెలిసింది. ముద్ద కలుపుతున్న చెయ్యి ఆగిపోయింది. లేచి టీవీ కట్టేస్తాడేమో అనుకున్నాను. కట్టలేదు. అమ్మ చెయ్యి గాలిలో వెతుక్కుంది. తర్వాత ఆ మాట అంది.

వాళ్ళు దాన్ని మూడుసార్లు చూపించారు. మొదట అమ్మ మొహం, తర్వాత ఆ పిల్ల మొహం, మళ్ళీ అమ్మ మొహం. ఎప్పుడూ చేసే పనే. చిన్నప్పటి నుంచీ మేమిద్దరం పగలబడి నవ్వేది దానికే. ఆ రోజు ఇద్దరిలో ఎవరికీ నవ్వు రాలేదు. ప్రకటనలు వచ్చాయి. ఏదో సబ్బు గురించి ఎవరో పాడుతున్నారు.

నాన్న కంచంలోకే చూస్తూ ఉన్నాడు. "ఆ ముక్క ఎవడు రాశాడో గానీ," అన్నాడు, "చాలా ఆలస్యంగా రాశాడు."

పేజీలు లేవు. మధ్యలో అమ్మ లేదు. ఆయన నాతోనే అన్నాడు.

"రాసినవాడికి చెప్పు నాన్నా," అన్నాను. "నాకు వినపడిందని."

తలూపాడు. ఎడమచేత్తో కళ్ళజోడు తీసి చొక్కాతో తుడవబోయి, ఊరుకున్నాడు. నా కంచం చల్లారిపోతోందన్నాడు. ఇద్దరం తిన్నాం. ఇంత తింటే బస్సులో వాంతవుతుందన్నా వినకుండా ఇంకోసారి వడ్డించాడు. మీ బస్టాండులో మైకు గొంతు బాగుంటుందన్నాడు. ఎప్పుడు విన్నావని అడిగాను. రెండుసార్లు వచ్చాడట. దూరంగా బెంచీ మీద కూర్చుని, బస్సులన్నీ వెళ్ళేదాకా విని, తిరుగుబస్సు ఎక్కేశాడట. ఎవరిదో పెళ్ళికి వెళ్ళొచ్చానని అమ్మకి అబద్ధం కూడా చెప్పాడట. కోపం రావాలి నాకు. రాలేదు. ఆ బెంచీ ఎక్కడుందో నాకు తెలుసు. నేను కూర్చునే గది కిటికీకి సరిగ్గా ఎదురుగా ఉంటుంది.

సాయంత్రం అమ్మ వచ్చేసరికి మేం సీరియల్లో మరిది చచ్చిపోతాడా బతుకుతాడా అని వాదించుకుంటున్నాం. గుమ్మంలో చెప్పులు విడుస్తూ ఆవిడ అలాగే నిలబడిపోయింది. ఏమీ ఎరగనట్టు లోపలికి వచ్చి సంచీ బల్ల మీద పెట్టింది.

"ఎపిసోడు చూశారా? ఎలా ఉంది?"

"ఆ ఒక్క ముక్కా బాగా చెప్పావు," అన్నాడు నాన్న. "నా నోట్లోంచి వచ్చిందానికంటే నీ నోట్లోనే బాగుంది. మూడుసార్లకే ఎలా పట్టేశావో."

"మూడుసార్లకి పట్టడమేమిటి," అంది అమ్మ, జుట్టులోంచి పిన్నులు ఒక్కోటీ తీసుకుంటూ. "ఇన్నేళ్ళుగా మీ మొహం మీద రాసుంటే రోజూ చదువుకుంటూనే ఉన్నాను. ఎవరైనా పైకి చదువుతారేమో అనే చూస్తున్నాను."

అని, మేకప్ కడుక్కోవడానికి లోపలికి వెళ్ళింది.